మా వీధి చావులన్నిటికీ ఏడ్చిన అవ్వ

పోయిన నెల ఒక పొద్దున, తిరువళ్ళూరులో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రిలో డ్యూటీ ఎక్కే టైముకు వదిన ఫోన్ చేసింది. వదినంటే మా ఊరు ఆర్.కె.పేటలో మా ఎదురింటి అవ్వకు చిన్నకోడలు. "అత్త పోయేసింది పాపా" అనింది. "కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది, అట్నే ఒరిగిపోయింది." కాసేపు ఏడ్చి, మళ్ళా ఆమే అనింది: "ఇంకమీద నేను యాడికి పోయేది?"

అవ్వకు ఇద్దరు కొడుకులు. చిన్నకొడుకు, అంటే వదిన మొగుడు, మగ్గంలో ఉండంగానే గుండె పట్టుకోని పోయి చాలా ఏండ్లయింది. బిడ్డల్లేరు. వదిన తమిళామె, పూండి పక్క పల్లె. ఇష్టపడి చేసుకున్న పెండ్లి కాబట్టి పుట్టింటోళ్ళు అప్పుడే తలుపు మూసేసినారు. పెద్దకొడుకుకు తిరువళ్ళూరులో హార్డ్‌వేర్ అంగడి. ఇల్లు అమ్మేద్దామని ఆయన ఒకటి రెండు తూర్లు బ్రోకర్ను కూడా పిలుచుకోనొచ్చినాడు. ఇల్లు అవ్వ పేరు మీద ఉంది, ఆమె ఎవురికీ ఏమీ రాయలేదు. అవ్వ ఉన్నంతకాలం ఆ బేరం వాకిట్లోనే ఆగిపోయింది. ఇప్పుడు అవ్వ లేదు. ఊరికి బస్సు పట్టుకునేదానికి రైల్లో తిరుత్తణికి పోతా ఉంటే నాకు అవ్వ మొగం కన్నా వదిన అడిగిన మాటే మళ్ళా మళ్ళా గుర్తొస్తా ఉండింది.

మా వీధిలో ఎవురు పోయినా రాగమెత్తి ఏడ్చేది ఈ అవ్వే. తమిళోళ్ళు దాన్ని ఒప్పారి అంటారు, మేము శోకం పెట్టేది అంటాము. అదేం ఆమె వృత్తి కాదు. పగలంతా రాట్నం ముందర కూర్చోని మగ్గాలకు కండెలు చుట్టే మనిషి. చావు కబురు చెవిన పడితే రాట్నం ఆపి, కొంగు దోపుకోని, ఒక వక్క బుగ్గన పెట్టుకోని బయల్దేరేది. ఆమె పోయి పీనుగ తల దగ్గర కూర్చుందంటే, అంతవరకూ గుసగుసగా ఉన్న ఇల్లు ఏడుపందుకునేది. ఊరికే ఏడ్చేది కాదు. పోయిన మనిషి ఏది ఇష్టంగా తినేది, ఎవురికి పెట్టింది, ఎవురితో కొట్లాడింది, ఏది ఆశపడి దొరక్కుండా పోయింది, అన్నీ ఆ రాగంలో వచ్చేసేవి. ఆడోళ్ళంతా భుజాల మీద చేతులేసుకోని, తలలు ఆనించి వంత పాడేవాళ్ళు. శోకంలో చెప్పిన మాటను ఎవురూ కాదనగూడదని మా దగ్గర ఒక కట్టు ఉంది. పీనుగ ముందర అబద్ధమాడితే కండ్లు పోతాయంటారు, కాబట్టి అక్కడ చెప్పిందంతా నిజమనే లెక్క.

అయితే అవ్వతో ఒక తంటా ఉండేది. బతికుండేవాళ్ళను కూడా ఆమె అదే చూపుతో చూసేది. ఎవురికన్నా బాగలేదని చూసేదానికి పోతే, మంచం పక్కన చతికిలబడి అదీ ఇదీ అన్నీ అడిగి తెలుసుకునేది. "అవ్వ సరుకు సర్దుకుంటా ఉంది, జాగ్రత్త" అని మా నాయన నవ్వేవాడు. వీధి మొదట్లో కిరాణా అంగడాయన ఒకాయన ఉండేవాడు, పిల్లికి బిచ్చం పెట్టని రకం. ఒకనాడు నలుగురూ ఉండంగానే ఆయన్ను అడిగేసింది.

"ఏమప్పా, రేపు నువ్వు పోతే నేనేం చెప్పి ఏడ్చేది? తూకం సరిగ్గా వేసినాడని చెప్పేదానికి కూడా లేదే."

ఆయన మొగం మాడ్చుకున్నాడు. ఆ ఎండాకాలం మాత్రం అంగడి ముందర ఒక నీళ్ళ కుండ వెలిసింది, మూత మీద గ్లాసుతో సహా. ఎవురన్నా మెచ్చుకుంటే "అంతా ఆ ముసల్దాని పోరు పడలేక" అని గొణిగేవాడు. ఆయన పోయినప్పుడు అవ్వ శోకమంతా ఆ కుండ మీదనే నడిచింది. బస్సు దిగినోళ్ళు, బడి వదిలిన పిల్లోళ్ళు, నాలుక పిడచగట్టినోళ్ళు, ఎంతమంది దాహం తీర్చినావు తండ్రీ అని ఆమె ఎత్తుకుంటే, ఆయన పెండ్లామే ఏడుపు ఆపి ఆశ్చర్యంగా చూసింది.

నేను ప్లస్ టూలో ఉండంగా మా నాయన పోయినాడు. పీనుగ ఇంకా ఇంట్లోనే ఉంది, మా పెదనాయన వసారాలో కూర్చోని, "పాప చదివింది చాలు, మగ్గంలో కూర్చుంటే వాళ్ళమ్మకు ఆసరా అవుతుంది" అని ఎవురితోనో చెప్తా ఉన్నాడు. ఆయన చెడ్డోడు కాదు. ఆయనకు తెలిసిన దారి అదొకటే. నాకేమో నర్సు చదువుకు పోవాలని ఆశ. ఆ ఆశ ఇంట్లో ఎవురికీ తెలీదు. అవ్వ కండెలు చుట్టేటప్పుడు పక్కన కూర్చోని ఆమెకొక్కదానికే చెప్పుకోనుంటిని. అంత దుఃఖంలో కూడా నాకు భయమేసింది, నా బతుకు ఇంక ఈ మగ్గం గుంటలోనే అని.

అవ్వ వచ్చింది, నాయన తల దగ్గర కూర్చునింది, గొంతెత్తింది.

"బిడ్డను సూదేసే నర్సమ్మను చేస్తానంటివే నా కొడకా,
నా చేతిలో చెయ్యేసి మాటిస్తివే నా కొడకా,
నేసే చేతులు నాతోనే పోనీ అంటివే నా తండ్రీ,
అన్న ఉన్నాడు, చదివిస్తాడని ధైర్యంగా పోతివా నా తండ్రీ..."

'అన్న ఉన్నాడు' అనే దగ్గర అవ్వ చెయ్యి వసారా పక్కకు చాపింది. వీధంతా ఆ చెయ్యి పోయిన దిక్కు చూసింది. పెదనాయన తుండుగుడ్డ నోట్లో కుక్కుకోని భోరుమన్నాడు. ప్లస్ టూ ముగిసినాక ఆయనే నన్ను వెంటబెట్టుకోని పోయి నర్సింగులో చేర్చినాడు. ఒక్కనాడు కూడా దెప్పలేదు. మా తమ్ముని గొప్ప మనసు అని అందరికీ చెప్పుకునేవాడు.

ఉద్యోగం వచ్చినాక ఒకసారి అవ్వను అడిగినాను, నాయన నిజంగానే నీతో ఆ మాట చెప్పినాడా అని. రాట్నం ఆపకుండానే అనింది: "చెప్పే మనిషే పాపా. టైము చాల్లేదు."

"మరి కండ్లు పోతాయంటారే?"

"శుక్లాలొచ్చి సగం ఎప్పుడో పోయినాయిలే. మిగతాది కూడా పోతే పోనీ."

ఆ శుక్లాలకు మా ఆస్పత్రిలో నేనే ఆపరేషన్ చేయించినాను. అక్కడ ఉండంగా పక్క వార్డులో ఒక పెద్దాయన పోయినాడు. ఆయన కూతురు గట్టిగా ఏడుస్తా ఉంటే నేను పోయి "ఇక్కడ ఏడవకూడదమ్మా" అని మెల్లిగా చెప్పొచ్చినాను. అవ్వ కంటికి కట్టుతో మంచం మీద నుంచే పిలిచింది. "ఏడవద్దనేది నీ ఉద్యోగమా పాపా? బాగుంది. నాదేమో ఏడ్చేది" అని నవ్వి, గొంతు తగ్గించి చెప్పింది: "ఆ బిడ్డను బయటికి పిలుచుకపో. యాడన్నా నీడకు కూర్చోబెట్టు. నోరు మూస్తే దుఃఖం యాడికి పోతుంది, లోపలే కూర్చుంటుంది." అప్పట్నుంచి నేను ఎవురినీ ఏడవొద్దు అనలేదు. రా తల్లీ, బయట ఏడ్చుకుందాం అని చెయ్యి పట్టుకోని పోతాను. నా కాలేజీలో ఈ పాఠం లేదు.

ఆమె కూడా ఓడిపోయిన రోజు ఒకటుంది. చిన్నకొడుకు పోయినప్పుడు అవ్వకు నోరు పెగల్లేదు. అందరి చావులకూ పాటెత్తిన మనిషి, కన్నబిడ్డ ముందర రాయిమాదిరి కూర్చునింది. అప్పటిదాకా అత్తాకోడళ్ళకు సరిగ్గా మాటల్లేవు. ఆరోజు వదినే తమిళంలో ఏడ్చింది. కొంచేపటికి అవ్వ జరిగి జరిగి పోయి ఆమె భుజం మీద చెయ్యేసి, ఆ తమిళ మాటలకే వంత పాడింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే పొయ్యి, ఒకే చాప. వదిన రెండు దినాలు ఎవురింటికన్నా పోతే అవ్వ అన్నం సరిగ్గా తినేది కాదు.

నేను పోయేసరికి అవ్వను నడింట్లో ఐసు పెట్టెలో పెట్టినారు. పందిట్లో పలకలోళ్ళు వాయిస్తా ఉన్నారు. ఆడోళ్ళు చుట్టూ కూర్చోని కండ్లు తుడుచుకుంటా ఉన్నారు, ఎవురికీ నోరు రాలేదు. ఆమె ఉన్నంతకాలం ఆమే ఏడుస్తుందిలే అని మేమెవురూ నేర్చుకోలేదు. వాకిట్లో పెద్దన్న, అదే అవ్వ పెద్దకొడుకు, మగోళ్ళతో చెప్తా ఉన్నాడు. "కర్మాంతరం కాంగానే ఇల్లు తాళం వేసేస్తాం. ఆ అమ్మిని ఏదన్నా హాస్టల్లో వంటకు పెట్టిద్దాం, పాపం." మాట మెత్తగానే ఉంది. వదిన విని తల ఇంకా కిందికి దించుకునింది.

నేను పోయి అవ్వ తల దగ్గర కూర్చున్నాను. ఎట్ల మొదలుపెట్టాలో తెలీలేదు. "అందరికీ పరిగెత్తి వస్తివే అవ్వా, నీకెవురూ రాలేదా అవ్వా" అన్నాను. రాగం కుదర్లేదు, గొంతు కీచుగా పోయింది. వెనక ఎవురో పడుచుపిల్ల కిసుక్కుమనింది. అంతలో కిరాణా అంగడాయన పెండ్లాం వచ్చి నా భుజం మీద చెయ్యేసి అందుకునింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె. వదిన తమిళంలో ఎత్తుకునింది. తెలుగేదో తమిళమేదో తెలీకుండా కలిసిపోయినాయి. అప్పుడు ఆ అంగడాయన పెండ్లాం గొంతు పెంచింది.

"కోడలు కాదు, కడుపున పుట్టిన బిడ్డంటివే తల్లీ,
ఈ గడప ఈ బిడ్డదేనంటివే తల్లీ,
పెద్దోడున్నాడు, చెల్లెలిమాదిరి చూస్తాడంటివే తల్లీ..."

"అంటివే తల్లీ, అంటివే" అని వీధి ఆడోళ్ళంతా వంత పాడినారు. అవ్వ ఆ మాట అనినట్టు నాకు తెలీదు. వాళ్ళలో ఎవురికీ తెలీదనే అనుకుంటాను. అయినా ఒక్కొక్కరూ తమ చెవులతో విన్నట్టే తల ఊపినారు. పెద్దన్న వాకిట్లో నుంచి లేచి వచ్చి గడపకు అవతలే నిలబడిపోయినాడు. మా అందరి మొగాలు ఒకసారి చూసినాడు. తర్వాత తువ్వాలు తీసి కండ్లకు అడ్డం పెట్టుకున్నాడు.

కర్మాంతరానికి నేను ముందురోజే పోయినాను. పడమట మబ్బు పట్టి ఉంది. పెద్దన్న బనియనుతో, లుంగీ ఎగ్గట్టి, అవ్వ ఇంటి పైన కూర్చోని పగిలిన పెంకులు తీసేసి కొత్తవి సర్దుతా ఉన్నాడు. కింద స్టూలెక్కి నిలబడి వదిన ఒక్కొక్క పెంకూ అందిస్తా ఉంది. "పైన పాచి ఉంది, చూసి అడుగు పెట్టు బావా" అనింది. ఆయన కిందికి చూడకుండానే, ఇంకొకటియ్యి అని చెయ్యి చాపినాడు.