చేతుల మీద కూర్చున్న అక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే చివర అన్నం తినేది అమ్మ. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాక మాత్రం అందరికంటే ముందు ఆమెకే పెట్టేవాళ్లం. నాయనమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. పోనీ ఎడమ చేత్తో తినమంటే అమ్మ తల అడ్డంగా ఊపేది. మాట తడబడుతున్నా ఒక్క సంగతి మాత్రం నాకు అర్థమయ్యేట్టు చెప్పింది, తన కుడి చేత్తో తనే తినాలని. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

గుంటూరు ఆసుపత్రిలో వ్యాయామాల డాక్టరు చూసి, రోజూ చేయించకపోతే చెయ్యి బిగుసుకుపోతుందన్నాడు. మిరప కోతల కాలంలో రోజూ గుంటూరు వెళ్లడం మా వల్ల అయ్యే పని కాదు. తన దగ్గర పని నేర్చుకున్న సహాయకురాలు ఒకామె అద్దంకిలో ఉంటోందని ఆయనే చెబితే, నాన్న ఊరంతా వాకబు చేసి ఆమె ఇల్లు పట్టుకున్నాడు.

ఆమె వచ్చే రోజు నాయనమ్మ నువ్వుల నూనె కాచి సిద్ధంగా పెట్టింది. వచ్చేది ఒళ్లు పట్టే మనిషనే మా అందరి లెక్క. ఆ అద్దంకి అక్క గిన్నె చూసి నవ్వింది.

"నేను నూనె రాసేదాన్ని కాదండీ, డాక్టర్నీ కాదు. గుంటూరులో ఆయన చెప్పినవి దగ్గరుండి చేయిస్తాను. తేడా ఏమన్నా కనిపిస్తే ఆయనకి చెప్తాను. చెయ్యి వస్తుందో రాదో చెప్పడం నా పని కాదు."

నాన్న మొహం వాడిపోయింది. ఆయనకు కావలసింది ఆ ఒక్క మాటే మరి.

అసలు గొడవ అన్నం దగ్గర వచ్చింది. ఎంతసేపు పట్టినా అమ్మే కలుపుకోవాలట, ఎవరూ ముద్ద పెట్టకూడదట. "అన్నం పెట్టొద్దనే వైద్యం నేనెక్కడా చూళ్లేదమ్మా" అని నాయనమ్మ వసారాలోకి వెళ్లి ఏడ్చింది. ఆమెకు తెలిసిన ప్రేమంతా పెట్టడంలోనే ఉంది.

అమ్మ వేళ్లు కంచంలో తడుముకునేవి. మెతుకులు ఒళ్లో పడేవి. చూడలేక నేను చెయ్యి చాపితే అక్క ఆపింది. ఆమె తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని ఉండటం అప్పుడే గమనించాను.

"నా చేతులు కూడా ఊరుకోవు తల్లీ. అందుకే వాటి మీద కూర్చుంటా. నువ్వూ కూర్చో. అమ్మ పడబోతే మాత్రం పట్టుకో."

కూర్చున్నాను. అంత కష్టమైన పని నేను అంతకుముందు చేసి ఎరగను.

కల్లంలో మిరపకాయలు బస్తాలకెక్కుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అమ్మ పెరుగన్నం ముద్ద చేసింది. చెయ్యి వణుకుతూ నోటిదాకా లేచి, అక్కడ ఆగి, నా వైపు తిరిగింది. సగం నా గౌను మీద పడింది, సగం నా నోట్లో పడింది. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకొకటి చెయ్యండి. ఈసారి మీకు" అంది అక్క. అమ్మ చేసుకుంది, తింది.

ఎండలు ముదరకముందే రెండోసారి పక్షవాతం వచ్చి అమ్మ పోయింది. పరామర్శకు వచ్చిన చుట్టాలు, ఆఖరి రోజుల్లో ఆ పిల్లకి ముద్ద కూడా పెట్టనివ్వలేదట అని గొణుక్కున్నారు. పలకరించడానికి వచ్చిన అక్క అదంతా వింటోంది. "దాని చేత్తో అది తిని పోయింది. అంతే" అని నాయనమ్మ వాళ్ల నోళ్లు మూయించింది. అక్క గుమ్మం పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఆ రోజు ఆమె చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి.

ఇప్పుడు మా మనవరాలు గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతుంటే, ఈ అమ్మమ్మ కదలదేమిటని ఇంట్లోవాళ్లు నా వంక చూస్తారు. అప్పటికే నా చేతులు తొడల కింద ఉంటాయి. వాటిని అక్కడ ఉంచడం నాకు ఇప్పటికీ కష్టమే. ఉంచిన ప్రతిసారీ అమ్మ పెట్టిన ఆ సగం ముద్ద గుర్తొస్తుంది.