పసుపుతో వేసిన పొద్దుతిరుగుడు చేను

కరోనా తర్వాత బడులు తిరిగి తెరిచిన ఆగస్టులో నన్ను కమలాపురం దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు డ్రాయింగ్ మాస్టరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టు. ఆ బడికి రెండు మైళ్ళ దూరంలో మా తాత కట్టించిన ఇల్లు ఉంది. మా నాయన కాలంలోనే అది చేతులు మారింది. అయినా ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ళు నన్ను పేరు పెట్టి కాక ఇంటిపేరుతోనే పిలిచేవారు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

ఈ వృత్తి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ మాస్టరు స్కూల్ అసిస్టెంట్లకు కింద, వ్యాయామ, చేతిపని ఉపాధ్యాయుల వరుసలో ఉంటాడు. మా సబ్జెక్టు మార్కులు పాస్ ఫెయిల్ లెక్కలోకి రావు. ఏ మాస్టరుకు పాఠాలు పూర్తికాకపోయినా మొదట పోయేది మా పీరియడే. అధికారి ఎవరైనా తనిఖీకి వస్తున్నారంటే మాత్రం మొదటి పిలుపు మాకే. స్వాగతం బోర్డు రాయాలి, గోడ మీద భారతదేశ పటానికి మళ్ళీ రంగు వేయాలి. స్టాఫ్ రూములో నా కుర్చీ తలుపు పక్కన ఉండేది. దాన్ని లోపలికి జరపమని నేను ఎవరినీ అడగలేదు.

నేను చేరేనాటికి డ్రాయింగ్ గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఉన్నాయి. తొమ్మిది, పది తరగతుల్లో రంగుల పెట్టె ఉన్న పిల్లలు ఎవరూ లేరు. దానికోసం బడి నిధి నుంచి కేటాయింపు ఏమైనా వస్తుందా అని ప్రధానోపాధ్యాయుడిని అడిగితే, సుద్దముక్కలకే కటకటగా ఉందని ఆయన నవ్వారు. ఊళ్ళో పెద్దలను అడగవచ్చని సలహా కూడా ఇచ్చారు. మా ఇంట్లో చేయి చాచే అలవాటు లేదని చెప్పి బయటికి వచ్చాను. ఆ ఆదివారం నుంచి మా వంటింట్లో రంగులు తయారు చేయడం మొదలుపెట్టాను.

నలుపుకు ఆముదం దీపం వెలిగించి, దాని మీద మట్టి మూకుడు బోర్లించి, పట్టిన మసిని ఈకతో దులుపుకోవాలి. ఎరుపుకు జాజు. అరుగులకు పూసే ఆ ఎర్రమట్టిని దంచి నీళ్ళలో కలిపి, ఇసుక అడుగుకు దిగాక పైనీళ్ళను మరో గిన్నెలోకి వంచుకుని ఆరబెట్టాలి. దీన్నే తేర్చడం అంటాం. తెలుపుకు బోర్డు కింద రాలిన సుద్ద, నీలానికి బట్టలకు పెట్టే నీలిమందు. వీటిని కాగితానికి పట్టించేది తుమ్మబంక. రాత్రంతా నానబెట్టి పాత పంచె గుడ్డలో వడగట్టాలి. రంగు ఆరాక పెచ్చులు లేవకుండా రెండు చుక్కల తేనె, బూజు పట్టకుండా ఒక లవంగం వేయాలి. మొదటిసారి తేనె బదులు బెల్లం నీళ్ళు పోశాను. తెల్లారేసరికి చీమలు బారులు కట్టి నా రంగులు తినేశాయి.

నాపబండ మీద ఈ పొడులను బంకతో కలిపి, సీసా అడుగుతో ఒక్కో రంగును అరగంట నూరేవాణ్ణి. దగ్గుమందు మూతల్లో పోసి ఆరబెడితే బిళ్ళ రంగులు తయారు. బొగ్గు పెన్సిళ్ళకు కందికట్టె ముక్కలను పాలపొడి డబ్బాలో కుక్కి, మూతకు ఒక చిల్లు పెట్టి నిప్పుల్లో ఉంచాలి. చిల్లులోంచి పొగ ఆగిపోతే బొగ్గు కాలినట్టు. కుంచెలకు మేక తోక వెంట్రుకలు, కోడి ఈక కాడలు. కాగితాలు అతికించే మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేయడం అందరికీ అలవాటు. నేను వేయలేదు. పిల్లలు జిగురు పూసిన కుంచెనే నోట్లో పెట్టుకుని మొన తీస్తారు, మైలుతుత్తం విషం. ఇలాంటి జాగ్రత్తలు నాకు బాగానే తెలుసు.

పసుపు రంగు దగ్గరే తప్పు చేశాను. బేతంచెర్ల వైపు నుంచి వచ్చే పసుపు మట్టి నా దగ్గర ఒక డబ్బా ఉంది. అది నిలిచే రంగు. కానీ కాగితం మీద బురదలా మసకగా కనిపిస్తుంది. వంటింటి పసుపు పటిక నీళ్ళలో కలిపితే మెరిసిపోతుంది. అద్దకంలో రంగును పట్టి ఉంచేది పటికే కదా, పసుపునూ అదే పట్టి ఉంచుతుందని అనుకున్నాను. పరీక్షించి చూడలేదు.

ఆ జనవరి ఇరవై ఆరున జెండా వందనానికి నాగరాజు వచ్చాడు. రోడ్డు పనుల కాంట్రాక్టరు. మా తాత ఇల్లు ఇప్పుడు అతనిదే. అతని తండ్రి మా ఇంట్లో ఎద్దులు చూసుకునేవాడు. పదో తరగతి పిల్లలందరికీ రంగుల పెట్టెలు తెచ్చాడు, వెంట ఫొటోలు తీసేవాణ్ణి కూడా తెచ్చాడు. ప్రధానోపాధ్యాయుడు నన్ను వేదిక మీదికి పిలిచారు. నేను మైకు తీసుకుని, మా పిల్లలకు రంగులు ఉన్నాయి, మేమే తయారు చేసుకుంటున్నాం, దాత ఈ పెట్టెలను లేనివాళ్ళకు ఇస్తే బాగుంటుందని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టలేదు.

వేదిక దిగాక నాగరాజు నా పక్కకు వచ్చి నవ్వుతూనే అన్నాడు. "మా నాయన మీ ఎద్దులు తోల్యాడని, నేనిచ్చే రంగులు కాగితానికి అంటుకోవా ఏంది సార్?"

అతను పెట్టెలను బడిలోనే వదిలి వెళ్ళాడు. ప్రధానోపాధ్యాయుడు వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఫిబ్రవరి మొదట్లో ఒక ధర్మసంస్థ నుంచి బడులకు ప్రకటన వచ్చింది. పదో తరగతి పిల్లలు నీటిరంగుల్లో తమ ఊరి పని మీద ఒక బొమ్మ వేసి పంపాలి. కడపలో ప్రదర్శన పెట్టి ముగ్గురిని ఎంపిక చేస్తారు. ఆ ముగ్గురికి చిత్రకళ డిప్లొమాలో ఉచితంగా సీటు, హాస్టలు. నా తరగతిలో దానికి తగినది ఒక్కతే, రూతు. బడిలో వంట చేసే సంతోషమ్మ కూతురు. తండ్రి లేడు. టెన్త్ అయ్యాక చదివించే స్తోమత తనకు లేదని సంతోషమ్మ ముందే చెప్పింది. అంటే ఈ సీటు వస్తే పిల్ల చదువుతుంది, లేకుంటే లేదు. ఈ సంగతి నాకు స్పష్టంగా తెలుసు.

రూతు పొద్దుతిరుగుడు చేను ఎంచుకుంది. పూత మీదున్న చేనులో నలుగురు ఆడవాళ్ళు వంగి కలుపు తీస్తున్న బొమ్మ. వంగిన నడుములను ఆ పిల్ల ఒక్క గీతలో పట్టుకుంది. ముప్పై ఏళ్ళలో నేను అలాంటి గీతను తరగతిలో చూడలేదు. కాగితంలో సగానికి పైగా పసుపే. మిగతాది ఆకుపచ్చ. మా ఆకుపచ్చ అంటే పసుపులో నీలిమందు కలిపినది.

రంగులు మొదలుపెట్టే రోజు రూతు బీరువాలోంచి ఒక పెట్టె అడిగి తెచ్చుకుంది. ప్రధానోపాధ్యాయుడు ఇచ్చారట. దాన్ని నా బల్ల మీద పెట్టి, "ఇవి వాడుకోమంటారా సార్?" అని అడిగింది. వాడుకోమంటే అక్కడితో అయిపోయేది. నీ ఇష్టం, అవి వాడితే మాత్రం బొమ్మ కింద ఉపాధ్యాయుడి పేరు దగ్గర నా పేరు రాయకు అన్నాను. పిల్ల పెట్టెను తిరిగి ఇచ్చేసి వచ్చింది.

ఆమెకు పసుపు మట్టి ఇవ్వవచ్చు. అదీ ఇవ్వలేదు. కడపలో ఆ బొమ్మ దూరం నుంచే మెరవాలని, దాన్ని నాగరాజు చూడాలని నాకు ఉండింది. వంటింటి పసుపే ఇచ్చాను.

బొమ్మ పూర్తయ్యాక సంతోషమ్మ వంటగది నుంచి చేతులు తుడుచుకుంటూ చూడడానికి వచ్చింది. చాలాసేపు చూసింది. వంగిన ఆడవాళ్ళలో ఒకామెను చూపించి, "ఇది నేనే కదా, నా నడుము ఇంత లావుండాదా?" అని కూతురిని అడిగింది. రూతు నవ్వింది. తర్వాత సంతోషమ్మ కాగితం దగ్గరికి వంగి వాసన చూసింది.

"సార్, ఇది పసుపేనా?"

అవునన్నాను.

"పసుపు ఎండకు నిలబడదు సార్. కోకకు కూర మరక పడితే ఎంత సబ్బు రుద్దినా పోదు గానీ, ఎండలో ఏస్తే సాయంత్రానికి యాడుండెనో కూడా తెలీదు."

ఇందులో పటిక వేశానని, గుడ్డ వేరు కాగితం వేరని చెప్పాను. నా గొంతు ఎలా ఉందో నాకు తెలుసు. మా తాత సేద్యగాళ్ళతో మాట్లాడే గొంతు అది. సంతోషమ్మ, "మీకు తెలుసులే సార్" అని వెళ్ళిపోయింది.

కడపలో ఒక కల్యాణ మండపం వరండాలో బొమ్మలు పెట్టారు. మార్చి నెల. పది రోజులు జనం చూడడానికి, పదకొండో రోజు న్యాయనిర్ణేతలు చూడడానికి. మొదటి రోజు నేనే దగ్గరుండి బొమ్మను చట్రంలో పెట్టించాను. పడమటికి తిరిగిన గోడకు అన్నిటికన్నా వెలుతురు ఉన్న చోటు అడిగి తీసుకున్నాను. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే వరకు అక్కడ నేరుగా ఎండ పడుతుంది. నాగరాజు కూడా వచ్చి చూశాడు. "శానా బాగుండాది సార్" అన్నాడు. అందులో ఎగతాళి లేదు. నేను తల ఊపి పక్కకు తిరిగాను.

పదకొండో రోజు రూతును వెంటబెట్టుకుని వెళ్ళాను. సంతోషమ్మ వంట మానలేక రాలేదు. వరండా మెట్లు ఎక్కుతూనే నాకు అర్థమైంది. చేనులో పువ్వులు లేవు. నల్లటి గుండ్రటి మచ్చల చుట్టూ తెల్ల కాగితం మిగిలింది. ఆకులు నీలంగా మారాయి. పచ్చలోని పసుపు పోయి నీలిమందు ఒక్కటే నిలిచింది. జాజుతో వేసిన చీరెలు మాత్రం మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నలుగురు ఆడవాళ్ళు ఏమీ లేని చోట వంగి పని చేస్తున్నారు.

న్యాయనిర్ణేతల్లో పెద్దాయన, నెరిసిన గడ్డం చిత్రకారుడు, ఆ బొమ్మ ముందు మిగతావాటి కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. గీత మంచిదన్నాడు. పువ్వులకు రంగు వేయకుండా ఎందుకు వదిలావని రూతును అడిగాడు. వేశాను సార్, పోయింది అని ఆ పిల్ల చెప్పింది. ఏ రంగు వాడావు, ఎవరు కలిపి ఇచ్చారు అని ఆయన అడిగాడు. ఆయన పక్కనే నేను ఉన్నాను. రూతు ఒకసారి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"మా ఇంట్లో పసుపే సార్. నేనే కలుపుకుంటి" అంది.

రంగు గురించి తెలుసుకోకుండా బొమ్మ వేయకూడదమ్మా అని ఆయన మెల్లగా చెప్పి, రాసుకుని, తర్వాతి బొమ్మకు వెళ్ళాడు. కళ్ళ ముందున్న బొమ్మను బట్టే తీర్పు అన్నది వాళ్ళ నిబంధన. అది సరైన నిబంధనే. అప్పటికైనా నేను ఒక మాట అని ఉంటే తీర్పు మారేదో లేదో తెలియదు. ఆ పిల్ల తప్పు కాదన్నదైనా ఆయనకు తెలిసేది. ఎంపికైన ముగ్గురిలో రూతు లేదు. బస్సులో వస్తూ చట్రాన్ని ఆ పిల్లే ఒళ్ళో పెట్టుకుంది.

మరునాడు భోజనం గంట తర్వాత వంటగదికి వెళ్ళాను. చెప్పవలసింది మనసులో సిద్ధం చేసుకునే వెళ్ళాను. సంతోషమ్మ పెద్ద గుండిగ తోముతోంది. నన్ను చూసి లేవలేదు. అంతకుముందు ఎప్పుడూ లేచేది.

"పసుపు సంగతి మీకు చెప్తి సార్. మీరు పెద్దింటోల్లు, చదువుకున్నోల్లు, నాకేం తెల్సులే అనుకుంటి. మల్లా ఒకసారి చెప్పకపోవడం నాదే తప్పు."

నాది అన్న మాట నా నోటి నుంచి రావలసింది అక్కడే. భోజనాల లెక్క రిజిస్టరు సంతకం అయిందా అని అడిగి వచ్చేశాను.

రూతు టెన్త్ మంచి మార్కులతో పాసైంది. ఇంటర్ చేరలేదు. నేను రిటైరయ్యాక ఒకసారి కమలాపురంలో ఫ్లెక్సీలు వేసే షాపులో కనిపించింది. పుట్టినరోజు బ్యానర్లకు పేర్లు టైపు చేస్తోంది. బొమ్మలు కంప్యూటరులోనే ఉంటాయి సార్, మనం గీయక్కర్లేదు అని చెప్పింది. టీ తెప్పించమంటారా అని మర్యాదగా అడిగింది. వద్దన్నాను.

ఇప్పటికీ కొత్తగా చేరిన డ్రాయింగ్ మాస్టర్లు ఇంట్లో రంగులు తయారు చేసే పద్ధతి అడుగుతూ ఫోన్ చేస్తారు. మట్టి, మసి, సుద్ద, బట్టల నీలిమందు నిలుస్తాయని, దుంపల నుంచి, పువ్వుల నుంచి, ఆకుల నుంచి తీసినవి నిలవవని చెబుతాను. కొత్త రంగు ఏదైనా పట్టీగా పూసి, సగం అట్టతో మూసి, పదిహేను రోజులు ఎండలో ఉంచి, అట్ట తీసి రెండు సగాలనూ పోల్చి చూసిన తర్వాతే పిల్లల చేతికి ఇవ్వాలని చెబుతాను. వాళ్ళు రాసుకుంటారు. ఉపాధ్యాయుడు తన పంతాన్ని పిల్లల బొమ్మల మీద నెగ్గించుకోకూడదన్నది కూడా ఆ ఏడాదే నేర్చుకున్నాను. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.