బంతిపువ్వు ఏ ఊరిది

మద్దిలపాలెం జంక్షన్ దాటి కొంచెం లోపలికి వెళితే ఒక కాలేజీ ఉంది. దాని వెనక రెండెకరాల మొక్కల తోట. అందులో కలుపు తీసే పనికి చేరేనాటికి నాకు యాభై రెండేళ్ళు. అంతకు ముందు ముప్పై ఏళ్ళు ఫిషింగ్ హార్బరు దగ్గర చేపలు కొనుక్కుని, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగాను. అపార్టుమెంట్లు వచ్చాక మెట్లు ఎక్కడం ఎక్కువైంది. మోకాళ్ళు ఒప్పుకోలేదు. నేల మీద కూర్చుని చేసే పని ఏదైనా ఉంటే బాగుండునని అందరితో అంటుంటే, ఎవరో ఈ తోట సంగతి చెప్పారు.

కలుపు పని కూడా మోకాళ్ళకి అంత మంచిది కాదని చేరిన వారానికే తెలిసింది. కానీ అక్కడ ఒక వదిన దొరికింది. విజయనగరం వైపు పల్లె ఆవిడది, వ్యవసాయం చేసుకునే కుటుంబం. మాకేమీ చుట్టరికం లేదు, ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్ళం. ఆవిడ ఐదో తరగతి దాకా చదువుకుంది. నాకు ఒక్క అక్షరం రాదని, మద్దిలపాలెం బస్సు ఏదో రోజూ పక్కవాళ్ళని అడిగి ఎక్కుతానని తెలిసి ఆశ్చర్యపోయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక నారుమడి పక్కన ఇసుక చదును చేసి, పుల్లతో రాయించడం మొదలుపెట్టింది. తప్పు రాస్తే అరచేత్తో చెరిపేసేది. రెండు వానాకాలాలు గడిచేసరికి నేను బస్సు బోర్డులు, మందుల షాపు పేర్లు, గోడల మీద సినిమా పోస్టర్లు చదివేస్తున్నాను. బస్సులో కూర్చుని కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివేదాన్ని. పక్కవాళ్ళు నన్ను వింతగా చూసేవాళ్ళు. నాకు సిగ్గనిపించలేదు. చేతిరాత కూడా గుండ్రంగా కుదిరింది. వయసు మీద పడ్డాక నేర్చుకున్నాను కదా, ఒక్కొక్క అక్షరం ముగ్గు వేసినంత జాగ్రత్తగా వేస్తాను.

ఆ చేతిరాత మేడమ్‌గారి కంట పడింది. ఆవిడ మొక్కల పాఠం చెప్పే టీచరు, తోట బాధ్యత కూడా ఆవిడదే. మొక్కలన్నిటికీ పేరు బోర్డులు పెట్టించాలని అనుకుంటున్నారు. ఈ నేల మీద పుట్టి పెరిగిన మొక్కకి ఆకుపచ్చ బోర్డు, బయటి దేశం నుంచి తెచ్చిన మొక్కకి పసుపు బోర్డు. గేటు దగ్గర ఒక పెద్ద బోర్డు మీద ఏ రంగుకి ఏ అర్థమో రాసి ఉంటుంది. స్కూళ్ళ నుంచి పిల్లలు వస్తారు, కాలేజీ పెద్దలు వచ్చి ప్రారంభిస్తారు. ఆ రోజు గడిచాక, మొక్కల పేర్లు చూసుకోవడానికి, ఎండబెట్టిన కొమ్మల్ని అట్టలకి కుట్టి దాచడానికి ఒక మనిషిని తోట పక్క గదిలో పెట్టుకుంటామని మేడమ్‌గారు చెప్పారు. గదిలో బల్ల ఉంది, కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది. ఆ కుర్చీ నాకు కావాలి. అంతగా ఏదీ కోరుకున్నట్టు నాకు గుర్తులేదు. బోర్డులు బాగా రాస్తే అది నాకే వస్తుందని తోట పని చూసే మేస్త్రీ కూడా అన్నాడు.

ఆ నెల నాకు పెళ్ళివారి హడావుడిలా గడిచింది. పొద్దుటి పూట మేడమ్‌గారు తోటలో తిప్పుతూ పువ్వుల్ని విప్పి చూపించేవారు. రేకులు విడివిడిగా ఉన్నాయా, అంటుకుని గొట్టంలా ఉన్నాయా, ఆకులు ఎదురెదురుగా పుట్టాయా, ఒకటి తర్వాత ఒకటా. అది నాకు కొత్తేమీ కాదు. పడవ ఒడ్డుకి రాగానే వల నుంచి దులిపిన చేపల గుట్టని మా అమ్మ పక్కన కూర్చుని ఏరిన దాన్ని. పొలుసున్నది ఇటు, లేనిది అటు, ముల్లు గుచ్చేది వేరే బుట్టలో. చూపు కంటే ముందు చెయ్యి చెప్పేస్తుంది. మొక్కల్లోనూ అంతే అనిపించింది. మేడమ్‌గారు చెప్పే ఆ ఇంగ్లీషు కాని ఇంగ్లీషు పేర్లకి భయపడ్డాను గానీ, వాటిలో మొదటి మాట ఇంటిపేరు, రెండోది సొంత పేరు అని చెప్పాక భయం పోయింది. మనమూ అలాగే కదా రాసుకుంటాం. వంకాయకీ, గట్ల మీద ముళ్ళతో పాకే నేలములకకీ ఒకటే ఇంటిపేరట. రెండు పువ్వుల్నీ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళే. ఈ సంగతి మా కోడలికి చెబితే, వంకాయ కూర వండుతూ నవ్వాపుకోలేకపోయింది.

ప్రారంభం ఇంక వారం ఉందనగా మేడమ్‌గారు ఏదో పరీక్షల పని మీద వేరే ఊరు వెళుతూ నాకొక జాబితా ఇచ్చారు. నలభై పేర్లు, చక్కటి తెలుగులో. ప్రతి పేరు చివర ఒక చిన్న ఇంగ్లీషు అక్షరం. దాన్ని చూసి రంగు వేయించేయండి, మిగతాది మీకు తెలుసుగా అన్నారు. తెలుసన్నట్టు తల ఊపాను.

నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆ మాట అప్పుడే అనేసి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆవిడ అంత నమ్మకంగా ఇచ్చారు. నేను బస్సులో బోర్డులన్నీ పైకి చదివే మనిషిని. రాదని చెబితే కుర్చీ పోతుందని భయం. మేస్త్రీని అడిగితే సాయంత్రానికి తోటంతా తెలుస్తుంది. వదినకీ రాదు, వాళ్ళ బడిలో ఐదో తరగతి దాకా ఇంగ్లీషు లేదు.

కూర్చుని ఆ కాగితాన్ని చేపల గుట్ట చూసినట్టు చూశాను. రెండే రకాలు. కొన్నిటి పక్కన ఒట్టి నిలువు గీత. కొన్నిటి పక్కన రెండు నిలువు గీతలు, వాటి మధ్య ఏటవాలుగా ఇంకొకటి. ఉమ్మెత్త పక్కన మాత్రం ప్రశ్న గుర్తు ఉంది, అది తెలుగులోనూ ఉంది కాబట్టి తెలుసు. అంటే ఒక గీత ఒక రంగు, మూడు గీతలు ఇంకో రంగు. ఏది ఏదో తెలిస్తే చాలు. తప్పకుండా మనదే అని చెప్పగలిగిన మొక్క ఒక్కటి దొరికితే, దాని పక్కన ఉన్న గుర్తే మన గుర్తు.

బంతి దొరికింది. దాని పక్కన ఒంటి గీత ఉంది. అయినా ఒక మాట అడుగుదామని, కలుపు తీస్తున్న వదినతో ఊరికే అన్నట్టుగా అన్నాను.

"వొదినా, బంతి మనదేనంటావా?"

"మనది కాపోతే ఎవులిదే. పెల్లికి బంతి, పండక్కి బంతి, మనిసి సచ్చిపోతే బంతి. ఇంకేటి కావాల నీకు?"

నిజమే కదా. బంతి లేకుండా మా ఒడ్డున కొత్త పడవ నీళ్ళలోకి దిగదు. ముందు దండ వేసి, పసుపు కుంకుమ పెట్టి, అప్పుడే తోస్తారు. ఇంక సందేహం లేదు. ఒంటి గీత మనది, మూడు గీతలు బయటిది.

దేవగన్నేరు ఒంటి గీత. పేరులోనే దేవుడున్నాడు, మనది కాక ఎక్కడికి పోతుంది. బిళ్ళగన్నేరు, చంద్రకాంత ఒంటి గీత. సాయంత్రం విచ్చుకునే చంద్రకాంత మా ఇంటి గుమ్మం పక్కనే ఉంది, లెక్క సరిపోయింది. మొగలికి మూడు గీతలు. అక్కడ నాకు చాలా సంతోషం వేసింది. మొగలిపువ్వుని శివుడి పూజకి పెట్టకూడదని మా అత్త ఎప్పుడూ చెప్పేది. బయటి నుంచి వచ్చింది కాబట్టే పెట్టరన్నమాట, ఇన్నాళ్ళకి కారణం తెలిసింది. మా ఒడ్డున ఇసుక మీద పాకే ఊదాపూల తీగ, మేక గిట్టలాంటి ఆకులది, దానికీ మూడు గీతలే. సముద్రం మీద ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి ఉంటుంది. జిల్లేడు పాడుబడ్డ గోడల్లో పిలవకుండా మొలుస్తుంది, బయటిదే. తంగేడు, నూరువరహాలు, కనకాంబరం, అన్నిటికీ ఒక కారణం చెప్పుకున్నాను. మల్లె దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. దానికి మూడు గీతలున్నాయి. చాలాసేపు చూశాను. మేడమ్‌గారు చదువుకున్నవారు, మల్లె కూడా ఎక్కడి నుంచో వచ్చే ఉంటుంది, మనం కలుపుకుని ఉంటాం అని బాధపడుతూనే పసుపు రంగు వేశాను. ఉమ్మెత్తకి ప్రశ్న గుర్తు కదా, సగం ఆకుపచ్చ, సగం పసుపు వేశాను.

శనివారం మధ్యాహ్నానికి నలభై బోర్డులూ పాతించేశాం. తోట కళకళలాడింది. మర్నాడు పొద్దున్నే ప్రారంభం. మేడమ్‌గారు రైలు దిగి సరాసరి తోటకే వచ్చారు. గేటు దగ్గర నుంచి నవ్వుతూ వస్తున్నవారు బంతి మడి ముందు ఆగారు. తర్వాత దేవగన్నేరు. తర్వాత మల్లె పందిరి. నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. నన్ను పిలిచి, బంతికి ఆకుపచ్చ ఎందుకు వేశారని మెల్లగా అడిగారు. మనదే కదమ్మా అన్నాను. కాదట. సముద్రాలు దాటి మెక్సికో అనే దేశం నుంచి వచ్చిందట. దేవగన్నేరుదీ అటు వైపే. బిళ్ళగన్నేరు ఏదో దీవి నుంచి వచ్చింది. మొగలి, తంగేడు, ఇసుకతీగ మనవి. మల్లె మనదే.

మల్లె మనదేనని విని, అంత భయంలోనూ నాకు ప్రాణం లేచొచ్చింది.

జాబితాలో రాశాను కదా, ఐ అంటే బయటిది, ఎన్ అంటే మనది, చూడలేదా అన్నారు. ఇంక దాచడానికి ఏమీ లేదు. వదిన, మేస్త్రీ అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పాను.

"ఆ అచ్చరాలు నాకు రావమ్మా. సెప్పడానికి సిగ్గేసింది. బంతిని బట్టి మిగతావి లెక్క కట్టీసుకున్నాను."

మేడమ్‌గారు జాబితా కాగితం తీసుకుని మడి మడికీ తిరిగారు, నేను వెనకాలే. ప్రతి బోర్డు దగ్గర ఆగడం, కాగితం చూడడం, ముందుకి నడవడం. కుర్చీ, బల్ల, ఫ్యాను నా కళ్ళ ముందే దూరమైపోతున్నాయి. చివరి మడి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. నవ్వుతున్నారు. గట్టు మీద కూలబడి, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"ఒక్కటి కూడా వదల్లేదమ్మా మీరు. అన్నీ తప్పే. ఉమ్మెత్త ఒక్కటే సరిగ్గా ఉంది. దాని పుట్టిల్లు ఎక్కడో పెద్దవాళ్ళు ఇంకా తగువులాడుకుంటున్నారు."

నవ్వు ఆగాక ఆవిడకి మర్నాటి ప్రారంభం గుర్తొచ్చింది. ముప్పై తొమ్మిది బోర్డులు పీకి, రంగు గీకి, మళ్ళీ వేసి, పేర్లు మళ్ళీ రాయాలి. ఈ సముద్రపు గాలికి పెయింటు ఒక్క రాత్రిలో ఆరదని మేస్త్రీ తేల్చేశాడు. ఇదంతా పిన్ని నిర్వాకమని కూడా అన్నాడు, పిన్నంటే నేనే. నేను తల దించుకున్నాను. అప్పుడు వదిన చేతిలోని మట్టి దులుపుకుంటూ అంది.

"అన్నీ తప్పైపోతే ఇంకేటమ్మా కంగారు? గేటుకాడ ఆ పెద్ద బోర్డొకటుంది కదేటి. దాన్ని తిరగేసీయండి."

ముగ్గురం ఆవిడ వంక చూశాం. గేటు బోర్డు మీద ఆకుపచ్చ అంటే మనది, పసుపు అంటే బయటిది అని ఉంది. ఆకుపచ్చ అంటే బయటిది, పసుపు అంటే మనది అని రాస్తే తోటలో ఒక్క బోర్డు ముట్టుకోనక్కర్లేదు. మేస్త్రీ మరోసారి లెక్క చూసుకుని, ఆ ముసల్ది సెప్పిందే సరి అన్నాడు. ముసల్దంటావేట్రా అని వదిన వాడి మీదికి మట్టిబెడ్డ విసిరింది.

ఆ రెండు వరుసలూ నేనే తిరగరాశాను. వేరేవాళ్ళతో రాయిద్దాం అని మేడమ్‌గారు అనలేదు. మర్నాటికి ఆ రంగు పూర్తిగా ఆరలేదు, వచ్చినవాళ్ళలో ఒకాయన చొక్కా చేతికి కాస్త అంటింది కూడా. మిగతా అంతా బాగా జరిగింది. స్కూలు పిల్లలు బంతి దగ్గర ఆగి, బోర్డు తప్పు అని టీచర్లతో వాదించారు. వాళ్ళ పక్కన నిలబడి, తప్పు కాదమ్మా, అది మనకి చుట్టపు చూపుగా వచ్చి ఉండిపోయింది అని నేను చెప్పాను. ఒక పాప నన్ను నమ్మలేదు. ఆ పాప మీద నాకు కోపం రాలేదు.

సోమవారం నేను గదికి వెళ్ళలేదు. కొడవలి తీసుకుని నారుమడి దగ్గర కూర్చున్నాను. కాసేపటికి మేడమ్‌గారే వచ్చారు. తప్పు వేసినందుకు తనకి కోపం లేదన్నారు. నలభై మొక్కల్ని ఒక పద్ధతిలో పెట్టడం చూస్తే ఆ పని నాకు వచ్చినట్టే. కానీ రానిది రాదని చెప్పకపోతే, రేపు అట్టల మీద ఒకదాని పేరు ఇంకోదానికి ఎక్కుతుంది, గేటు బోర్డు తిప్పితే అది సరైపోదు. అందుకని ఒక్కటే షరతు అన్నారు. తెలియకపోతే అడగాలి, ఎన్నిసార్లైనా సరే.

అడుగుతానన్నాను. కొడవలి వదినకిచ్చాను. ఎల్లిపోతన్నావా ఫ్యాను కిందికి, కలుపంతా నేనే తీసుకోవాలి కామోసు అని వదిన సణిగింది.

ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో సగం దాటాను. ఎండిన కొమ్మని అట్టకి కుట్టి, కింద ఇంటిపేరు, పేరు చూసి చూసి దించుతాను. షరతు మాత్రం తప్పలేదు. ఇదేటమ్మా, ఇదేటమ్మా అని రోజుకి ఎన్నిసార్లు అడుగుతానో. మేడమ్‌గారు ఈ మధ్య నన్ను చూడగానే ముందే కళ్ళద్దాలు పెట్టుకుంటున్నారు. నిన్న ఒక పాత అట్ట మీద, పేరు చివర చిన్న నల్లటి గుర్తు కనిపించింది. ఇంతవరకు నేర్చుకున్న వాటిలో అలాంటిది లేదు. తీసుకెళ్ళి ఇదేం అక్షరమమ్మా అని అడిగాను. ఆవిడ అట్టని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వంచి, వేలితో మెల్లగా తట్టి చూశారు.

"పురుగు అమ్మా" అన్నారు.