వెనక మోసిన మనిషి

ముందే చెప్తున్నా... ఇది ఎవరో చెప్తే విన్నది కాదు. నాకు జరిగింది. చొక్కా విప్పమంటే విప్పి కుడి భుజం చూపిస్తాను. నల్లటి మచ్చ ఇంకా ఉంది. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా రేపటినుంచి నా గొంతులో అన్నం ముద్ద దిగకూడదు. అంతకంటే పెద్ద ఒట్టు నాకు తెలియదు.

మొన్న ఇదే మిద్దె మీద కూర్చుని నాగరాజుకు చెప్పాను. వాడు కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో పని చేస్తాడు, దేన్నీ నమ్మే రకం కాదు. "ఏందిరా బాషా, ఆ అడివిలో కల్లు బాగా దొరుకుతాదంట గదా. శానా తాగినట్టుండావే?" అన్నాడు. నేను తాగనని వాడికి తెలుసు. భయం కూడా నాకు తక్కువే. కువైట్‌లో ఉన్నన్నాళ్లూ ఎడారి మధ్యలో జనరేటర్ షెడ్డులో ఒక్కణ్ణే పడుకున్నవాణ్ణి. అందుకే అడుగుతున్నా, నవ్వకుండా వినండి.

మాది జమ్మలమడుగు. మన వైపు వాన అంటే ఎట్లుంటుందో మీకు తెలుసు. నాలుగు చినుకులు పడితే చేతులు చాచి వీధిలో నిలబడతాం. నేను పోయిన చోట వాన ఆగితే జనం బయటికొచ్చి ఆకాశం వైపు చూస్తారు... ఏమైందా అని.

మారేడుమిల్లి దాటి ఇంకా లోపలికి పోవాలి. రోడ్డు ఒక వాగు దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి కొండెక్కి నడకే. పైన పది పన్నెండు ఇళ్లు, వెదురు తడికల గోడలు, పైన గడ్డి కప్పు. వాళ్లకు సోలార్ లైట్లు బిగించే పని మా కాంట్రాక్టరుకు దొరికింది. నాతో వచ్చిన మేస్త్రీ వారానికే జ్వరం తగిలి దిగిపోయాడు. ఇంకో మనిషిని పంపుతామన్నారు. ఎవరూ రాలేదు. నేను ఒక్కణ్ణే మిగిలాను.

బడి షెడ్డులో పడుకునేవాణ్ణి. బట్టలు ఆరవు. అగ్గిపుల్ల గీస్తే వెలగదు. నా పనిముట్ల సంచి మీద బూజు పట్టి, దాని మీద చిన్న చిన్న కుక్కగొడుగులు మొలిచాయి. పొద్దున బూటు తొడుక్కోబోతే లోపల జలగలు. చెట్లు ఎంత దట్టమంటే మధ్యాహ్నం కూడా సందె చీకటే. మనకు ఈడ నిలబడితే గండికోట కొండ దాకా కనపడుతుంది. అక్కడ చెయ్యి చాచిన దూరం దాటితే ఆకులే. కన్ను ఎక్కడా పోయేందుకు దారి లేదు... అది నన్ను శానా బాధపెట్టింది.

ఫోను సిగ్నల్ ఒకే చోట. ఊరి పైన ఒక బండ ఉంది, దాని మీద నిలబడి చెయ్యి ఎత్తి పట్టుకుంటే రెండు గీతలు వస్తాయి. రోజూ సాయంత్రం గొడుగు పట్టుకుని ఆ బండెక్కి మా ఆవిడ షాహీనాతో మాట్లాడేవాణ్ణి. మా పాప నన్ను అబ్బా అనే పిలుస్తుంది, "అబ్బా, ఎప్పుడొస్తావు?" అనేది. లైన్ తెగిపోయేది. తెగిన ఫోను చెవికి పెట్టుకుని అట్లే నిలబడేవాణ్ణి, సిగ్గు లేకుండా ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఊరివాళ్లు మంచివాళ్లే. అన్నం పెట్టేవాళ్లు. కానీ వాళ్ల మాట వాళ్లది, నా మాట నాది. రాత్రయితే చుట్టూ కప్పలు, వాన... మధ్యలో నేను.

ఆ రోజు సంత. ఊళ్లో ఒకరిద్దరు తప్ప మగవాళ్లంతా కిందికి పోయారు. మధ్యాహ్నం వాన బలిసింది. వాళ్లు అవతల ఊళ్లోనే చిక్కుకుపోయారు. సాయంత్రం బుల్లబ్బాయి షెడ్డు దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు. అతని భార్య లచ్చిమికి పొద్దుటినుంచి నొప్పులు.

"బాబూ, బిడ్డ అడ్డం తిరిగిందంట. పురుడు పోసే మా ముసిల్ది తన వల్ల కాదనేసింది. నీ ఫోను..." అన్నాడు. మాట పూర్తి కాకుండానే నా చెయ్యి పట్టుకుని బండ వైపు లాగాడు.

బండెక్కి అంబులెన్సుకు ఫోను చేశాను. బండి వాగు దాకా వస్తుందన్నారు. కానీ వాగు పొంగితే ఆ ఒడ్డున నిలబడలేమని, తొందరగా దించమని చెప్పారు. అంటే వాగు పొంగకముందే మేం కిందికి చేరాలి. లేదంటే ఆ పిల్ల బతకదు. అది నాకూ తెలుసు, బుల్లబ్బాయికీ తెలుసు.

డోలీ కట్టారు. పొడుగాటి బొంగుకు దుప్పటి రెండు కొసలా ముడేసి, అందులో లచ్చిమిని పడుకోబెట్టారు. కాళ్లు ముందుకు, తల వెనక్కి. మోయడానికి నలుగురు కావాలి. ఉన్నది ముగ్గురమే. బుల్లబ్బాయి, వాళ్ల పెదనాన్న సోమన్న, నేను. బుల్లబ్బాయి ముందు కొస పట్టాడు, తన కొస ఎవరికీ ఇవ్వనన్నాడు. వెనక కొస నేనూ సోమన్నా మార్చి మార్చి మోయాలి.

సోమన్న నాకు పద్ధతి చెప్పాడు. "నేను నీ ఎనకాలే వత్తాను. నువ్వు అలిసిపోయావనుకో, నీ ఈపు మీద రెండుసార్లు తడతాను. నువ్వు పక్కకి జరుగు. నేను భుజం పెడతాను. మాటాడద్దు. తిరిగి సూడద్దు. సూత్తే కాలు జారిపోద్ది."

నేనేమో మైదానం మనిషిని. వెనక కొస మోసేవాడికి కింద తన కాళ్లే కనపడవు. ఆ చీకట్లో, ఆ బురదలో, వెలుతురు లేకుండా అడుగేయడం నా వల్ల కాదు. "అట్ల కాదప్పా. నువ్వు నా టార్చి పట్టుకోని ముందు నడుచు. నాకు దారి కనపడాల" అన్నాను.

ముసలాయన కదల్లేదు. "ఎనకాల మనిషి ఉండాలి బాబూ. ఎనక ఖాళీగా ఒదలకూడదు."

"నాకేం భయం ల్యా. నువ్వు ముందుండు, అంతే" అని గట్టిగా అన్నాను. నాకు కోపం తొందర. ఆయన లచ్చిమి వైపు చూశాడు, నా వైపు చూశాడు. వాదించే టైము కాదని టార్చి తీసుకుని ముందుకు పోయాడు.

నా ఎర్ర గళ్ల తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుని దాని మీద బొంగు పెట్టుకున్నాను. తలకు ఎరువుల సంచి కప్పుకున్నాను. బయల్దేరాం.

వాన... ఆకుల మీద వాన. బొంగు కిర్రు... కిర్రుమంటోంది. లచ్చిమి తల నా రొమ్ముకు తగులుతోంది. ఆమె మూలుగు అడుగడుక్కీ నా ఒంట్లో పలుకుతోంది. ముందు సోమన్న దగ్గు. ఆయన చేతిలో టార్చి వెలుగు ఎగిరెగిరి పడుతోంది. మెరుపు మెరిస్తే చెట్లన్నీ తెల్లగా ఒక్కసారి కనపడి మళ్లీ మాయమైపోతాయి.

ఎంతసేపు నడిచానో తెలియదు. వెదురు పొదలు మొదలయ్యాయి. దారి ఏటవాలు. అక్కడ డోలీ దించడానికి చోటు లేదు, పక్కన లోయ. భుజం మండుతోంది. సోమన్నను పిలవాలనుకున్నాను... ఊపిరి లేదు. ఇంక నాలుగడుగులు వేస్తే పడేస్తాను, ఈ పిల్లను నా చేతులతో లోయలో పడేస్తాను అనుకున్నాను. యా అల్లా అనుకున్నాను. అంతే.

అప్పుడు... నా వీపు మీద... రెండుసార్లు.

తప్... తప్.

మెత్తగా. అరచేత్తో. తడి చెయ్యి.

అమ్మయ్య అనుకున్నాను. ఏమీ ఆలోచించలేదు. పక్కకు జరిగాను. బరువు పోయింది. లచ్చిమి ఊపిరి కూడా నా దగ్గరినుంచి పోయింది. దారి పక్కన పడిపోయిన చెట్టు మొద్దు ఒకటి తగిలితే దాని మీద కూలబడ్డాను. తువ్వాలు తీసి పిండాను. నీళ్లు కారిపోయాయి. పక్కనున్న కొమ్మకు తగిలించి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాను. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

అప్పుడు వినపడింది... ముందునుంచి. దగ్గు.

సోమన్న దగ్గు.

తలెత్తాను. కొంచెం దూరంలో, కింద, టార్చి వెలుగు ఊగుతూ పోతోంది. వెలుగు పట్టుకున్నది సోమన్న. ఆయన వెనక బుల్లబ్బాయి. మధ్యలో డోలీ. డోలీ వెనక... ఒక మనిషి. తల మీద సంచి.

మేం బయల్దేరింది ముగ్గురం. ముందు ముగ్గురు పోతున్నారు. నేను ఇక్కడ ఉన్నాను.

కాసేపు నాకు అర్థం కాలేదు. "సోమన్నా!" అని అరిచాను. ఎవరూ తిరగలేదు. "బుల్లబ్బాయ్! ఆగండప్పా!" గొంతు చించుకుని అరిచాను. వాన శబ్దంలో వినపడలేదేమో అనుకున్నాను... కానీ అప్పుడు గమనించాను. వాన శబ్దమే లేదు. కప్పలు లేవు. చినుకులు నా మీద పడుతున్నాయి, చప్పుడు లేదు. నా అరుపు నాకే వినపడటం లేదు.

లేచి పరిగెత్తాను. ఎంత పరిగెత్తినా వాళ్లు అంతే దూరంలో ఉన్నారు. ఆ వెనక మనిషి నడక తొణకడం లేదు. బురదలో జారడం లేదు. ఎడారిలో ఒంటరిగా ఉన్నాను, ఆ బడి షెడ్డులో ఒంటరిగా ఉన్నాను, కానీ ఒంటరితనమంటే ఏందో నాకు అక్కడ తెలిసింది. మనుషులు కంటి ముందే పోతుంటారు. పిలుస్తుంటాం. మనం లేనే లేనట్టు పోతూనే ఉంటారు.

మెరుపు మెరిసింది. ఆ మనిషి కాళ్లు కనపడ్డాయి.

కొండవాళ్లు ఆ దారిలో ఒట్టి కాళ్లతో నడుస్తారు. బుల్లబ్బాయివి ఒట్టి కాళ్లే. సోమన్నవీ అంతే. కానీ ఆ మనిషి కాళ్లకు బూట్లున్నాయి. పసుపుపచ్చ బూట్లు. కువైట్‌లో కంపెనీ ఇచ్చినవి, నేను ఇంటికి తెచ్చుకున్నవి... నా బూట్లు.

నా కాళ్ల వైపు చూసుకోవాలనుకున్నాను. చూసుకోలేదు. చూసుకునే ధైర్యం లేకపోయింది. నిజం చెప్తున్నా.

ఆ తర్వాత కాలు జారింది. పడ్డాను... పడుతున్నట్టే అనిపించింది, నేల తగల్లేదు.

కళ్లు తెరిస్తే ఎదురుగా బండి లైట్లు. వాగు హోరు. బొంగు నా భుజం మీద ఉంది. "దించు బాబూ... దించు, వచ్చేశాం" అంటున్నాడు బుల్లబ్బాయి. లచ్చిమి మూలుగు మళ్లీ నా రొమ్ము దగ్గరే. దించాను. ఆమెను బండెక్కించారు, బుల్లబ్బాయి ఎక్కాడు, బండి వెళ్లిపోయింది. కాసేపటికే వాగు రోడ్డెక్కింది.

నేను సోమన్న చెయ్యి పట్టుకున్నాను. "వెదురు పొదల కాడ నన్ను తట్టింది నువ్వే గదా?"

"నేను నీ లైటు పట్టుకుని ముందున్నాను గదా బాబూ" అన్నాడు.

"మరి ఎవరు?"

ఆయన నా మొహం మీద టార్చి వేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఆర్పేశాడు. "లచ్చిమి బండెక్కింది. ఇంకేటీ అడక్కు" అన్నాడు.

వాగు పక్కన రేకుల షెడ్డులో ఆ రాత్రి గడిపాం. చొక్కా విప్పితే కుడి భుజం చర్మం ఊడిపోయి ఉంది. తువ్వాలు లేదు. దారిలో జారిపోయి ఉంటుందిలే, అలసటకు ఏదో కల లాంటిది వచ్చి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మీరు ఇప్పుడు అదే చెప్పబోతున్నారు. ఆగండి.

తెల్లారి మళ్లీ కొండెక్కాం. వెదురు పొదల దగ్గర పడిపోయిన మొద్దు ఉంది. పక్కన కొమ్మకు నా ఎర్ర గళ్ల తువ్వాలు... జారి పడినట్టు కాదు. పిండి, మడిచి, తగిలించి ఉంది. సోమన్న దాన్ని చూశాడు. తీసుకోవద్దన్నట్టు తల ఊపాడు. నేను తీసుకోలేదు.

లచ్చిమికి ఆపరేషన్ చేశారు. కొడుకు. ఇద్దరూ క్షేమం. పని వదిలేసి ఊరికి వచ్చేముందు ఆసుపత్రికి పోయి చూశాను. బుల్లబ్బాయి లేచి నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నేను అడిగాను, దారిలో వెనక మనిషి మారాడా అని. "మారలేదు బాబూ. మనిషి మారితే బొంగు అదురుద్ది, ముందోడికి తెలిసిపోద్ది. మొదటినుంచీ నువ్వే మోశావు" అన్నాడు.

లచ్చిమి మంచం మీదినుంచి నన్ను చూసి నవ్వింది. "నాకు తెలుసు. మెరుపు మెరిసినప్పుడల్లా తలెత్తితే నీ మొకమే. పొదలు దాటాక నవ్వుతానే ఉన్నావు బాబూ. ఒక్క రెప్ప వెయ్యలేదు. ఆ నవ్వు సూసే నేను బతుకుతాననుకున్నాను" అంది.

నేను నవ్వలేదు. నవ్వే స్థితిలో లేను. ఆ మాట ఆ పిల్లకు చెప్పబుద్ధి కాలేదు.

ఇదంతా విని నాగరాజు నా భుజం మీది మచ్చ చూశాడు. తర్వాత, "పోనీలే మామా, ఎవురో ఒకరు మోసినారు, ఆయమ్మి బతికింది. నువ్వు ఇంటికొచ్చినావు. ఇంకేం కావల్ల నీకు?" అన్నాడు. వాడికి తోచింది వాడు చెప్పాడు.

నేను ఇంటికొచ్చాను. నిజమే. పాప నా పక్కనే పడుకుంటుంది. ఈడ వాన లేదు, కిటికీ తీస్తే ఎంత దూరమైనా కనపడుతుంది. కానీ పోయిన వారం షాహీనా పొద్దున్నే టీ ఇస్తూ ఒక మాట అంది. మేం ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకుంటాం, తెలుగులో చెప్తా. "అడివినించి వచ్చినప్పటినుంచి నువ్వు నిద్దట్లో నవ్వుతాండావు. కండ్లు తెరుసుకోని. ముందు నీకా అలవాటు ల్యాకుండె."

టీ తాగాను.

వెనక మోసినవాడు ఇల్లు చేరాడు, అది మాత్రం తెలుసు. ఆ మొద్దు మీద కూర్చుని తువ్వాలు పిండుకున్నవాడు... అంత అరిచినవాడు... వాడు చేరాడో లేదో నాకు తెలియదు.