ఎరుపా, ఆకుపచ్చా?

నారాయణఖేడ్ బస్టాండులో హైదరాబాదు బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న మనిషి గోడ ప్లగ్గుకు పెట్టిన పవర్‌బ్యాంకు చూపించాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడై ఉంటాడు.

"తమ్మీ, గీ లైటు ఎర్రగుందా, ఆకుపచ్చగుందా? ఆకుపచ్చైతే నిండినట్టు."

"కండ్లు ఇంట్ల మర్చిపోయి వచ్చినవా అన్నా?"

నా జోకుకు నేనైనా నవ్వుతాను. ఆయన మాత్రం "గట్లనే అనుకో" అన్నాడు. కంగ్టి మనిషట. మొన్నటిదాకా చిన్న విమానం నడపడం నేర్చుకున్నాడట. కంగ్టికి బస్సే సరిగా రాదు, విమానమా అనబోయి ఆగాను.

"రాత్రిపూట ఎయిర్‌పోర్టు దగ్గర ఎదురొచ్చే విమానం కనపడదు తమ్మీ, దాని లైట్లే కనపడ్తయ్. ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ. ఏది ఎటుందో చూసి, అది మన మీదికి వస్తందో, దూరం పోతందో తెల్సుకొని తప్పుకోవాలె. నాకు రెండూ ఒక్కతీరుగ కనపడ్తయ్. కండ్ల పరీక్షల దొరికిన. ఇగ నువ్వు పైలట్ కాలేవ్ అన్నరు."

"మందు లేదా?"

"పుట్టుకతోని వచ్చిందట. లేదు."

ఏదో ఒకటి అనాలి కదా. నోటికి అలవాటైన మాటే వచ్చింది. "లైట్ తీస్కో అన్నా."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏ లైటు తమ్మీ?"

వంగి పవర్‌బ్యాంకు చూశాను. "ఆకుపచ్చగైంది" అన్నాను.

నా మాట నమ్మి, తీసి జేబులో వేసుకున్నాడు. నమ్మక ఏం చేస్తాడు?