దానియేలు గారు దిద్దిన కట్ట

నిన్న మధ్యాహ్నం ఈ ఏటి మొదటి వాన పడింది. స్టేషన్ పక్క లూపు లైన్లో నిలబెట్టిన లోడు బండి మీద, వ్యాగన్ల నిండా ఉన్న ఇనుపరాయి మీద చినుకులు పడి సన్నటి ఆవిరి లేచింది. ఆ వాసన ఎరగనివాళ్ళకు ఎలా చెప్పను? వేడి పెనం మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన, దానికి తోడు కాస్త పచ్చి అడవి వాసన. స్టేషన్ గుమ్మంలో నిలబడి గుండె నిండా పీల్చాను. కొండ మీద మబ్బు దిగి ఈ ఇనుపగనుల ఊరు, కిరండూల్, సగం మాయమైపోయింది. మిగిలిన సగంలో నాకు కనబడింది మా పాత రైల్వే క్వార్టర్ల వరస, అందులో చివరి ఇంటి వెనక వరండా, అక్కడ నవారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని, చేతిలో కార్డులు విసనకర్రలా పరుచుకుని కూర్చున్న యార్డు మాస్టరు దానియేలు గారు. ఆయన పోయి చాలా కాలమైంది. అయినా ఈ వాసన వస్తే చాలు, ఆయన దగ్గర ఓడిపోయిన మధ్యాహ్నాలన్నీ తిరిగి వచ్చేస్తాయి.

ఆయనది విజయనగరం వైపు. చిన్న వయసులోనే ఈ లైనుకు వచ్చి ఇక్కడే నెరిసిపోయారు. యార్డులో హిందీ, సంతలో ఇక్కడివాళ్ళ హల్బీ, చర్చిలో తెలుగు, కోపం వస్తే మూడూ కలిపి మాట్లాడేవారు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క వ్యసనం జంతువుల కార్డుల ఆట. మన పేకాటలాంటిది కాదది. ఇందులో ఎవరి కట్ట వారిదే. విశాఖలో ఒక దుకాణంలో ప్యాకెట్లు అమ్మేవారు. లోపల ఏ కార్డులు ఉంటాయో విప్పేదాకా తెలియదు. వచ్చినవాటిని ఏరి, అక్కర్లేనివి మార్చుకుని, ఒక్కొక్కరూ సొంత కట్ట కూర్చుకోవాలి. మేం ఆడేవి అడవి కట్టలు. వంతుకు ఒక అడవి కార్డు నేల మీద పరచాలి. పరిచిన అడవులను బట్టే జంతువులు దిగుతాయి. ఉడతకు ఒక అడవి చాలు, ఏనుగుకు బోలెడు కావాలి. మొలకలు, పిట్టలు అని కొన్ని చిన్న కార్డులు ఉంటాయి. అవి కొట్లాటకు పనికిరావు గానీ, అడవిని తొందరగా పెంచి పెడతాయి. ఆట మొత్తం ఇంతే. ఇంతేనని మా ఆయన శ్రీను కూడా అనుకునేవాడు.

శ్రీను లోడు బండ్ల డ్రైవరు. విశాఖకు దిగినప్పుడల్లా జేబులో రెండు ప్యాకెట్లు వేసుకుని వచ్చేవాడు. ఆదివారం దానియేలు గారు చర్చి నుంచి రాగానే ఆ వరండాలో చేరేవాడు. ఆయన భార్య సుగుణమ్మ గారు, నేను చింతపండు గింజలు తీస్తూ పక్కనే కూర్చునేవాళ్ళం. శ్రీను ఎప్పుడూ ఓడిపోయేవాడు. చేతి నిండా ఏనుగులు, అడవి దున్నలు, కొండచిలువలు. వాటిని దించడానికి నేల మీద అడవి ఉండేది కాదు. ఓడిపోయి పెద్దగా నవ్వేవాడు. ఒక్కసారి ఏనుగు దిగితే అప్పుడు చూడండి మాస్టారూ, అనేవాడు. ఆ నవ్వు వినడానికే నేను అక్కడ కూర్చునేదాన్ననుకుంటాను.

పెళ్ళయి మూడేళ్ళు నిండకుండానే మలేరియా తలకెక్కి అతను పోయాడు. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను, రాయలేను. అన్నయ్య బొబ్బిలి నుంచి వచ్చి కర్మకాండలన్నీ జరిపించాడు. రైల్వేవాళ్ళు శ్రీను బదులు నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. పదో తరగతి చదువుకు పాయింట్ల దగ్గర పని వస్తుంది. అంటే పట్టాల పక్కన నిలబడి జెండా ఊపడం, బండి దారి మార్చే మీట లాగడం. అన్నయ్య ముఖం మాడిపోయింది. మా ఇంటి ఆడపిల్ల పట్టాల పక్కన నిలబడడమేమిటి, ఇంటికి వచ్చేయి, డిగ్రీ కట్టి గుమాస్తా ఉద్యోగమే అడుగుదాం అన్నాడు. వర్షాలు తగ్గాక వచ్చి తీసుకువెళతానని, అప్పటికి సామాను సర్దుకొమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. వెళితే వదిన వంటింట్లో ఒక మూల నాది అవుతుందని నాకు తెలుసు. ఉంటే ఈ ఎర్రటి ఊళ్ళో ఒంటరిగా ఎలా బతకాలో తెలియదు. కాళ్ళూ చేతులూ ఆడక రోజంతా గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

సామాను సర్దుతుంటే శ్రీను కట్ట దొరికింది. దానియేలు గారికి ఇచ్చేద్దామని తీసుకువెళ్ళాను. ఆయన తీసుకోలేదు. కట్ట విప్పి ఒక్కొక్క కార్డూ చూసి, మళ్ళీ పేర్చి నా చేతిలో పెట్టారు.

“ఇది ఇంకా పూర్తవనేదు తల్లీ. పూర్తవని పని నాకిచ్చి ఎలిపోతావేటి? కూకో.”

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను. కార్డుల మీది ఇంగ్లీషు ముక్క ముక్కగా చదువుకుంటూ ఆడాను, చిత్తుగా ఓడిపోయాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. బయట వాన పొగమంచులా పట్టి ఉండేది. నేల మీద పరిచిన అడవుల్లోకి ఒక్కోసారి నిజంగానే నడిచి వెళుతున్నట్టు ఉండేది. ఆ కాసేపూ ఏడుపు వచ్చేది కాదు. అందుకే వెళ్ళేదాన్ని, ఆట మీద ప్రేమతో కాదు.

ఒకరోజు ఆయన నా కట్టలోంచి ఒక ఏనుగును తీసి మంచం మీద పక్కన పెట్టారు. దాని చోట ఒక మొలక పెట్టమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఏనుగు దొరికిన రోజు శ్రీను బండి దిగి సరాసరి వంటింట్లోకి వచ్చి, చేతికి పిండి అంటి ఉన్నా లెక్కచేయకుండా నాకు చూపించాడు.

“ఆయన పెట్టింది తియ్యకండి. మనిషి ఎలాగూ లేడు, దీన్నైనా ఉండనివ్వండి,” అన్నాను.

ఏనుగునూ కట్టనూ లాక్కుని ఇంటికి వచ్చేశాను. మళ్ళీ అటు వెళ్ళలేదు. ఆయనా పిలవలేదు. సుగుణమ్మ గారు మాత్రం గిన్నెలో చారో కూరో తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టి పోయేవారు.

కొన్నాళ్ళకు సంత నుంచి వస్తుంటే యార్డు గేటు దగ్గర ఆయన కనిపించారు. ఖాళీ బండి ఒకటి లోపలికి వస్తోంది. నన్ను చూసి, నిన్న మాట్లాడుకుని విడిపోయినట్టే, ఈ లైన్లో ఏ బండి గొప్పది తల్లీ అని అడిగారు. లోడు బండే అన్నాను. ఈ ఊళ్ళో ఎవరిని అడిగినా అదే చెబుతారు. లోడు దిగుతోందంటే ప్యాసింజరు ఆగిపోతుంది, పెళ్ళివారు ఆగిపోతారు, పురిటికి పోయేవాళ్ళు కూడా ఆగిపోతారు. మా బతుకులన్నీ దానికి దారి ఇస్తూనే గడిచాయి.

“మీ ఆయనా అదే అనీవోడు. లోడు తోలినోడు కదా, కట్టనీ లోడు బండిలాగే కట్టాడు. మరి ఖాళీలు పైకి రాకపోతే లోడేటి దిగుతాది? కొండ మీద రాయి కొండ మీదే ఉంటాది.”

అంత మాత్రమే అని జెండా సర్దుకున్నారు. నేను గేటు పట్టుకుని ఆ ఖాళీ బండి మొత్తం లోపలికి వచ్చేదాకా చూశాను. వ్యాగన్ల అడుగున వాననీళ్ళు తొణుకుతూ ఉన్నాయి. నాకు ఉన్నట్టుండి శ్రీను మీద కోపం వచ్చింది, పిచ్చివాడా, ఒక్క మొలక పెట్టుకోలేకపోయావా అని. అతను పోయాక అతని మీద కోపం రావడం అదే మొదలు. వెంటనే హాయిగా అనిపించింది, సిగ్గుగానూ అనిపించింది.

ఆ సాయంత్రం మళ్ళీ ఆ వరండాకు వెళ్ళి, కట్టలోంచి ఏనుగును నేనే తీశాను. ఇక అక్కడి నుంచి దిద్దుబాటే దిద్దుబాటు. దున్నలు తీసి పిట్టలు పెట్టాను. అడవి గబగబా పెరిగింది గానీ ఈసారి చేతిలో పెద్ద జంతువే రాలేదు. నేల నిండా మొలకలు, వాటిని తొక్కుకుంటూ దానియేలు గారి ఎలుగుబంటి. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఇప్పుడు వట్టి ఖాళీలే తిప్పుతున్నావు, లోడు ఎప్పుడు ఎత్తుతావని వెక్కిరించారు. మళ్ళీ తీయడం, మళ్ళీ పెట్టడం. తీసే ముందు ఆయన నాతో ఒక్కటే చేయించేవారు. ఆ కార్డు ఆఖరుసారి ఎప్పుడు ఆదుకుందో చెప్పమనేవారు. చెప్పగలిగితే ఉండేది, చెప్పలేకపోతే పోయేది. మొహమాటం లేదు. తీసినవాటిని మాత్రం ఒక పాత బిస్కట్ల డబ్బాలో వరసగా పెట్టించేవారు, విసిరేయనిచ్చేవారు కాదు. ఆయన సొంత ప్యాకెట్లో వచ్చిన ఒక ముసలి తాబేలును నా కట్టలో ఆయనే పెట్టారు. అది దెబ్బలు కాసుకుంటూ అడవి పెరిగేదాకా నిలబడుతుంది.

చలి మొదలయ్యాక అన్నయ్య వచ్చాడు. నేను అప్పుడు వరండాలోనే ఉన్నాను. చేతిలో కార్డులు చూసి, ఇంకా సామాను సర్దలేదా అని అడిగాడు. దానియేలు గారి వైపు తిరిగాను. ఏం చెయ్యమంటారు మాస్టారూ అని అందరి ముందూ అడిగేశాను. ఆయన మీద భారం వేసేద్దామని చూశాను మరి.

“నీ సేతిలో ఏటున్నాయో నాకెలా కనపడతాది తల్లీ? నువ్వే సూసుకో,” అన్నారు.

చూసుకున్నాను. డిగ్రీ లేదు, గుమాస్తా ఉద్యోగం లేదు. పట్టాల పక్కన ఒక జెండా ఉంది, అంతే. కానీ ఇవాళ పరవగలిగిన అడవి కార్డు అదొక్కటే.

“నేను ఈ పనిలో చేరతాను అన్నయ్యా. తరవాతిది తరవాత,” అన్నాను.

సుగుణమ్మ గారు అన్నయ్యకు టీ ఇచ్చారు. తను మర్నాటి ప్యాసింజరుకు ఒక్కడే వెళ్ళాడు. లోడు బండి కోసం అది ఎక్కడో ఆగి, అర్ధాకలితో ఇల్లు చేరానని తరవాత ఫోనులో తిట్టాడు.

నాకు ఆ తరవాతి ఏళ్ళు కలలో గడిచినట్టే ఉంటాయి. ఎర్రటి దుమ్ము, పచ్చ జెండా, వాన, డ్యూటీ దిగాక ఆ వరండా. పాయింట్ల దగ్గర మొదలుపెట్టి శాఖ పరీక్షలు ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చాను. ఇవాళ ఇదే లైన్లో స్టేషన్ మాస్టరుగా బండ్లకు దారి ఇస్తున్నాను. దానియేలు గారు రిటైరై విజయనగరం వెళ్ళిపోయే ముందు ఒక్కసారి ఆయన్ను ఓడించాను. ఓడిపోయి ఆయన కార్డుల వంక చూస్తూ, శ్రీను ఉంటే నీ సేతిలో రోజూ ఓడిపోయీవోడే అన్నారు. నేను నవ్వబోయి భోరున ఏడ్చాను. ఆయన ఆపమనలేదు.

ఆయన పోయారన్న కబురు నాకు డ్యూటీలో ఉండగా వచ్చింది. ఆ పూట పని ముగించి ఇంటికి వచ్చి, స్నానం చేసి, కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పెట్టిన ముసలి తాబేలు ఇంకా అందులోనే ఉంది. కొత్త కార్డులు వచ్చాక అది ఆటకు అడ్డం తప్ప మరేమీ కాదు. అది ఆఖరుసారి ఎప్పుడు ఆదుకుందని నన్ను నేను అడిగాను. చెప్పలేకపోయాను. దాన్ని తీసి డబ్బాలో, శ్రీను ఏనుగు పక్కన పెట్టాను. ఆ చోట ఒక లేత మొలకను దూర్చాను. దానియేలు గారు ఉండి ఉంటే ఇన్నాళ్ళూ ఎందుకు ఆగావని కేకలేసేవారు.