తెర మీది ఎరుపు

గుడ్డ ఎరుపు ఏ వెలుతురులో చూస్తే నిజం? కాలవ గట్టున ఎండలోనా, గదిలో ట్యూబులైటు కిందా, లేక ఎక్కడో పుణేలో కూర్చుని సెల్‌ఫోనులో చూసి ముచ్చటపడ్డ మనిషి కంటిలోనా? కృపాకుమారి సంగతి విన్నప్పటినుంచీ ఈ ప్రశ్న మనసులో నలుగుతూనే ఉంది. జవాబు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

కృపాకుమారిది బందరు. తండ్రి ఏసుపాదం చిలకలపూడిలో గిల్టునగలకు మెరుగుపెట్టేవాడు. డిగ్రీ మధ్యలో మానేసి ఆమె గుడివాడలో ఒక ఫోటో స్టూడియోలో చేరింది. అక్కడ కొన్నేళ్లపాటు పెళ్లి ఆల్బములు తయారుచేసింది. చామనఛాయ పెళ్లికూతుళ్లను కంప్యూటరులో పాలమీగడలా మార్చడమే ఆమె ఉద్యోగం. "మా పిల్లని మేమే పోల్చుకోలేకపోయాం" అని తల్లులు మురిసిపోతుంటే ఆమెకు లోపల ఏదో చేదు తగిలేది. పెడనలో కలంకారీ అద్దకం నడిపే రాజకుమార్ గారు చీరల ఫోటోలు ఆన్‌లైనులో పెట్టడానికి మనిషి కావాలంటే ఎగిరి గంతేసినంత పనిచేసింది. గుడ్డకు ఉన్న రంగు ఉన్నట్టు చూపిస్తే చాలు, ఎవరి ముఖానికీ సున్నం కొట్టక్కర్లేదు అనుకుంది.

అక్కడ రంగు ఉడికించేది నరసయ్య. వయసంతా రాగి కాగు ముందే గడిచిపోయిన మనిషి. అద్దిన గుడ్డను మంజిష్ఠ వేరుతో ఉడకబెట్టి ఎరుపు తేల్చేవాడు. ఇటుకకూ దానిమ్మ గింజకూ నడుమ ఉండే ఎరుపు అది. "నరసయ్య ఎరుపు" అనే ఊళ్లో పేరు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకొచ్చి ఆమె ఫోటోలు తీసే గది గుమ్మంలో కూర్చునేవాడు.

"ఏం కోడలా, నా చీరకి పౌడరు రాశావా?"

"నీ చీరకి పౌడరెందుకు మావయ్యా, అసలే అందగత్తె."

"అందగత్తె అయితే నీ పెట్టె ముందు అంతసేపు ముస్తాబు దేనికంట?"

ముస్తాబు కాదుగానీ, ఫోటో రంగు సరిచేయడానికి ఒక పద్ధతి ఉంది. ఫోటోలో తెల్లగా ఉన్నచోట నొక్కి, ఇదీ తెలుపు అని కంప్యూటరుకు చూపించాలి. దాన్నిబట్టి మిగిలిన రంగులన్నీ అది సర్దుతుంది. మొదటి చీరకే కృపాకుమారి పువ్వులకూ లతలకూ మధ్య అద్దకం పడని ఖాళీ నేల మీద నొక్కింది. ఆ సెట్టింగు భద్రం చేసుకుని, ఆ తర్వాత వచ్చిన ప్రతి చీరకూ అదే వేసింది. ఆ ఖాళీ నేలను పెడనలో అందరూ తెలుపనే అంటారు. పొద్దస్తమానం దాన్నే చూసే కళ్లకు అలాగే కనిపిస్తుంది మరి.

ఫోటోల్లో చీరలు గులాబీల్లా విచ్చుకున్నాయి. ఆర్డర్లు పెరిగాయి. వెనకాలే పార్సిళ్లు తిరిగి రావడమూ మొదలైంది. ఫోటోలో ఒక రంగు, చేతికి వచ్చింది ఇంకో రంగు అని ఒకటే ఫిర్యాదు.

రాజకుమార్ గారు తిరిగొచ్చిన చీర తెచ్చి అందరి ముందూ కాగు పక్కన పడేశారు. "ఏంటయ్యా నరసయ్యా ఇది? వేరు తగ్గించేస్తున్నావా, కళ్లు తగ్గిపోయాయా?"

నరసయ్య చీర తీసి దులిపి దండెం మీద వేశాడు. మర్నాటినుంచి గుమ్మంలోకి అన్నానికి రావడం మానేశాడు. ఎరుపు చాలట్లేదనుకుని కాగులో వేరు ఎక్కువ వేశాడు. చీరలు ఇంకా ముదురుగా తేలాయి, ఇంకా ఎక్కువగా తిరిగొచ్చాయి.

ఒక పొద్దున కృపాకుమారి ఏదో ధర రాద్దామని ప్రింటరు కాగితం తీసి చీర మీద పెట్టింది. తెల్ల కాగితం పక్కన చీర నేల పచ్చగా, మీగడలా ఉంది. అద్దకానికి ముందు కరక్కాయ నీళ్లలో నానిన గుడ్డ ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ ఛాయ పూర్తిగా వదలదు. ఆ మీగడను తెలుపు చేయడం కోసం కంప్యూటరు ఫోటో మొత్తానికీ నీలం కలిపింది. నీలం వెళ్లి ఎరుపులో పడి గులాబీ అయింది. నరసయ్య కాగులో ఏ లోపమూ లేదు.

ఆ కాగితాన్నే తెలుపుగా కంప్యూటరుకు చూపించి సరిచేసిన ఫోటో పట్టుకుని వెంటనే రాజకుమార్ గారి దగ్గరికి వెళ్లింది. "తప్పు నాదండీ. మావయ్యది కాదు."

ఆయన రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "ఏది బాగుంది?"

"బాగుండటం కాదండీ, ఇదే మన చీర."

"మన చీర ఎవరిక్కావాలమ్మా? గులాబీ చూసే కదా జనం ఎగబడింది. ఫోటోల జోలికెళ్లకు. చీర సంగతి నేను చూసుకుంటాను."

"కనీసం మావయ్యకి ఒక్కమాట చెప్పండి."

"ఆఁ, చెప్తాలే."

చెప్పలేదు. విజయవాడ నుంచి గులాబీ రంగుపొడి డబ్బాలు దిగాయి. "నీ ఎరుపు ఆడట్లేదు, ఇకనుంచి ఇది కలుపు" అని ఆయన నరసయ్యతో అనడం కిటికీలోంచి ఆమెకు వినబడింది. ఆగలేక తనే కాగు దగ్గరికి వెళ్లింది. కాగితం సంగతి, నీలం సంగతి, తన నొక్కుడు సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. నరసయ్య కట్టెలు ఎగదోస్తూ అంతా విన్నాడు.

"నా మనసు కష్టపడకూడదని చెప్తున్నావు కోడలా. యంత్రం ఎక్కడన్నా పొరబడుద్దా? నా కళ్లే మసకలొచ్చినై. మనలో మన మాట, నాక్కూడా ఈమధ్య అనుమానంగానే ఉంది."

"కాదు మావయ్యా, ఒట్టు."

"ఒట్టెందుకులే. పెద్దోళ్లని ఓదార్చే బుద్ధి ఉంది నీకు, మంచిదే."

ఇంకేం చెప్పినా ఓదార్పే అయిపోయింది.

పొడి కలిపిన మొదటి చీర ఆరిన రోజున, మానేసిన గుమ్మంలోకి నరసయ్య మళ్లీ వచ్చాడు. తడి చేతులు పంచెకు తుడుచుకుని, చీర కొంగు తెచ్చి తెర పక్కన ఆనించి పట్టుకున్నాడు. కళ్లు చికిలించి ఇటూ అటూ చూశాడు. ముఖం వెలిగింది.

"చూడు కోడలా, కుదిరిందా? ఒక్క పిసరైనా తేడా ఉందేమో చెప్పు."

తేడా లేదు. గులాబీ. గుడివాడ ఆల్బముల్లో పెళ్లికూతుళ్లలా, పోల్చుకోలేని రంగు.

"కుదిరింది మావయ్యా," అంది.

ఆయన హుషారుగా కాలవ వైపు నడిచాడు. కృపాకుమారి కంప్యూటరు కట్టేసింది. తన క్యారేజీ సంచీలో వేసుకుని, గది తాళంచెవి బల్ల మీదే వదిలేసింది. ముందు గదిలో రాజకుమార్ గారు ఫోనులో ఎవరికో కొత్త రంగు గురించి చెబుతున్నారు. ఆమె వెనకవైపు, కాలవ గట్టు మీదుగా బయటికొచ్చింది. నీళ్లలో చీర జాడిస్తున్న నరసయ్య వీపు ఇటు తిరిగి ఉంది. ఆమె రోడ్డెక్కి, ఆగిన బస్సు ఎక్కేసింది.